మేడమ్ నా ఫోరాన్ని కాదన్న రోజు

మిర్యాలగూడ బస్టాండు దాటి బస్సు మిల్లుల వైపు తిరగగానే ఉడికిన వడ్ల ఆవిరి వాసన కిటికీలోంచి కొట్టింది. పక్క సీటాయన తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. నాకు మాత్రం పాత కోపం లేచింది. ఆ మిల్లుల్లో ఒకదాని పైగదిలోనే, ఇదే వాసన మధ్య, పదకొండు మంది ఎదుట సుగుణ మేడమ్ నా మూడు నెలల పనిని కాదన్నారు. ఆమె పోయి ఏడాది కావస్తోంది. నేనింకా ఆ గది మెట్లు దిగలేదు.

మేడమ్ కోదాడలో ఒక కాలేజీలో మాకు కంప్యూటర్లు చెప్పేవారు. మూడో ఏడాది నా ప్రాజెక్టు చూసి, "నువ్వు రాసింది నీకొక్కడికే అర్థమయ్యేట్టయితే డైరీ రాసుకోవయ్యా, ప్రోగ్రాం ఎందుకు?" అన్నారు. ఆ మాట అన్నప్పుడు క్లాసులో ఎవరెక్కడ కూర్చున్నారో కూడా నాకు గుర్తుంది. రిటైరయ్యాక ఆమె సూర్యాపేటలో ఉంటూ, కాలువ నీళ్లు ఏ తూముకు ఏ రోజు వస్తాయో ఫోన్‌లో చూపే సాఫ్ట్‌వేర్ ఒకటి మొదలుపెట్టారు. దాని కోడు ఎవరైనా చూడవచ్చు, మార్చవచ్చు, ఉచితంగా వాడుకోవచ్చు. మూడు ఊళ్లలో ఉన్న ఆమె పాత విద్యార్థులం ఖాళీ దొరికినప్పుడు రాసేవాళ్లం. తూములు తిప్పే లష్కర్లు, రైతులు వాడేవాళ్లు. అంత మాట పడ్డ నేనే అందరికంటే ముందు చేరాను. ఎందుకో నన్నడగవద్దు.

చిక్కంతా మేం మాట్లాడుకునే చోటుతో వచ్చింది. ఉన్నది ఒక ఫోన్ గ్రూపు. శుభోదయం పూలు, పెళ్లి పత్రికల మధ్య అడిగిన ప్రశ్న పోయేది, చెప్పిన జవాబూ పోయేది. అందుకని నేనొక ఫోరం కట్టాను. ఒక్కో ప్రశ్నకు ఒక్కో పేజీ. వెతికితే ఎంత పాత జవాబైనా దొరుకుతుంది. ఓటు పెడదామన్నాను. మేడమ్ ఒప్పుకోలేదు. ఏది ఎంచుకోవాలన్నా ఆమెది ఒకటే పద్ధతి: దాన్ని వాడబోయే మనిషి చేతిలో పెట్టాలి, తయారు చేసినవాడు చేతులు వెనక్కి కట్టుకుని, నోరు మూసుకుని నిలబడాలి. ఆ రోజు మిల్లు పైగదికి పాలకీడు దగ్గర చివరి తూము చూసే లష్కర్ సైదులును పిలిపించారు.

"మొన్న నీళ్లు రాలేదన్నావుగా సైదులూ, అదే ఇందులో అడుగు," అన్నారు.

ఫోరం ముందు ఈమెయిల్ అడిగింది. అతనికి లేదు, మేడమ్ తనది ఇచ్చారు. తర్వాత శీర్షిక అడిగింది. ఒక్కో అక్షరం వెతుక్కుని "నీళ్లు రాలే" అని కొట్టాడు. శీర్షిక మరీ చిన్నదనీ, కనీసం పదిహేను అక్షరాలుండాలనీ ఎర్రగా వచ్చింది. పనికిరాని ప్రశ్నలు రాకుండా ఆ నియమం పెట్టింది నేనే.

సైదులు నా వైపు తిరిగాడు. "నీళ్లు రాలే అంటె రాలే సారూ. ఇంకెంత పొడుగు జెప్పాలె?"

గది గొల్లుమంది. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ వరసగా చెప్పగలను. మేడమ్ నవ్వలేదు గాని, అంతకంటే పెద్ద దెబ్బే వేశారు. "ఇల్లు బాగా కట్టావు శేఖర్. తలుపు పెట్టడం మర్చిపోయావు." గ్రూపే ఉండాలని తేల్చేశారు.

నాలుగు పేజీల ఫిర్యాదు రాసి పంపాను. మర్నాడు ఫోన్ చేశారు. "మూడో పేజీలో నువ్వన్నది నిజమేనయ్యా, గ్రూపులో పాత జవాబు దొరకదు. అందుకని రోజూ వచ్చే ప్రశ్నలన్నీ నువ్వే విని, నీ ఫోరంలో రాసిపెట్టు. వాళ్లు మాట్లాడతారు, నువ్వు దాచిపెడతావు." గెలిచానో ఓడానో తెలియలేదు. శిక్షే అనుకుని మొదలుపెట్టాను.

ఆ యాసంగి పంటకాలంలో సైదులు గ్రూపులో నాలుగు నిమిషాల వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఎత్తుకోవడమే వాళ్లమ్మ మోకాళ్ల నొప్పులు, హుజూర్‌నగర్ దవాఖానలో లైను. నన్ను నవ్వులపాలు చేసినవాడి ఇంటి సంగతులు నాకెందుకు? నిమిషానికే ఆపేశాను. నేను వింటున్నాను కదా అని గ్రూపులో మిగతావాళ్లూ వినలేదు. తర్వాత తెలిసింది, మేం చేసిన ఒక మార్పులో తేదీలు తారుమారయ్యాయని. చివరి తూము తెరుచుకోవలసిన రోజున తెరుచుకోలేదు. తెరిచిన రోజున కాలువలో నీళ్లు లేవు. పొట్టకొచ్చిన వరి తర్వాతి నీళ్ల వంతు దాకా ఎండకు నిలబడింది. ఆ కింద చాలా మడుల్లో తాలు గింజలే మిగిలాయి.

మేడమ్ నన్నూ సైదులునూ సూర్యాపేటలో తమ ఇంటికి పిలిచి, ఆ మెసేజ్ మొదటి నుంచీ పెట్టారు. మధ్యలో ఆపుతారేమోనని చూశాను. ఆపలేదు. ఆఖర్న సైదులు గొంతు: "నా కాయితంల మంగళారం ఉంది, ఫోన్ల బేస్తారం సూపిస్తుంది. ఏది నమ్మాలె? జర జెప్పుండ్రి."

ఎవరూ చెప్పలేదు. అతను ఫోన్‌నే నమ్మాడు. ఊళ్లో తిట్లన్నీ అతనే తిన్నాడు.

"నాదే తప్పు మేడం," అన్నాడు సైదులు. "అసలు ముచ్చట ముందు జెప్పాలె. మా అమ్మ మోకాళ్ల సంగతి ఎవలికి గావాలె?"

"ఎందుకు అక్కర్లేదు? ఇప్పుడెట్లా ఉందామెకు?" అని అడిగారు మేడమ్. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. నా పేరున ఆమె బాకీపడ్డ తిట్టు అదొక్కటే. అది తిట్టకుండానే పోయారు.

ఇప్పుడు కోడు రాయడానికి కొత్తగా చేరిన కుర్రవాళ్లు గ్రూపు వద్దు, ఫోరం వద్దు, విషయానికో గదిగా మాట్లాడుకునే కొత్త యాప్ ఏదో కావాలంటున్నారు. ముందు దాన్ని చివరి తూము దగ్గరికి తీసుకెళ్లి ఎవరి చేతిలోనైనా పెట్టి చూడండి అన్నాను. చాదస్తం అన్నారు. అన్నది ఇద్దరు, పేర్లు గుర్తున్నాయి. వాళ్లు చూసి వచ్చేదాకా నేను కదలను.

మిల్లుల వీధి దాటేలోపు గ్రూపులో వాడపల్లి నుంచి ఒక రైతు వాయిస్ మెసేజ్ వచ్చింది. ఇయర్‌ఫోన్ పెట్టుకుని విన్నాను. వాళ్ల బర్రె తప్పిపోయింది, వియ్యంకుడు పలకడం లేదు, మోటారు కాలింది. నా కాలు బస్సు నేల మీద ఆడుతూనే ఉంది. బొటనవేలు ఆపే గుర్తు మీదికి రెండుసార్లు పోయింది. ఐదు నిమిషాలూ అయిపోయాక చూస్తే అందులో ప్రశ్నే లేదు. ఒళ్లు మండిపోయింది.

"విన్నాను. బర్రె దొరికిందా?" అని రాసి పంపాను.