రూతమ్మగారి తుపాకీకి మూతి బ్రేకు

సాయంత్రమయ్యేసరికి మా పొలాల వైపు నుంచి ఒక మోత వస్తుంది. కార్బైడుతో పేల్చే ప్లాస్టిక్ గొట్టం మోత అది. కోతుల్నీ పందుల్నీ బెదరగొట్టడానికట. మోత వెనకే కుళ్ళిన వెల్లుల్లి లాంటి వాసన గాలిలో తేలుకుంటూ నర్సీపట్నం శివారున ఉన్న మా అరుగు దాకా వస్తుంది. ఆ గొట్టంలోకి తొంగిచూసి కళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారని అందరికీ తెలుసు. అయినా కొనేవాడు అడగడు, అమ్మేవాడు చెప్పడు. ఎవడి అవసరం వాడికి చట్టం. ఆ వాసన తగిలినప్పుడల్లా నాకు రూతమ్మగారు గుర్తొస్తారు. ఆవిడ దగ్గర లైసెన్సున్న నిజమైన రైఫిల్ ఉండేది. దాని మూతికి గుప్పెట్లో పట్టే ఇనప ముక్క ఒకటి బిగించుకోవడానికి ఆవిడ ఎంత ఓపిక పట్టారో, ఆవిణ్ణి ఎరగని వాళ్ళకు చెప్పాలని ఇది రాస్తున్నాను.

రూతమ్మగారు మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. కొండ కింద తండ్రి వదిలిన చెరకు తోట, దాని పైన కొంచెం జీడిమామిడి, వాటితోపాటు పంట కాపలా కోసం ఆయన తీసుకున్న రైఫిల్ ఆవిడకు వచ్చాయి. లైసెన్సు తన పేరు మీదికి మార్పించుకుని, కాల్చడం నేర్చుకున్నాకే ఆవిడ దాన్ని ముట్టుకున్నారు. నా చెరకు, ఆవిడ చెరకు ఒకే గట్టుకి అటూ ఇటూ ఉండేవి. పొద్దువాలే వేళకు అడవిపందులు కొండ దిగితే ఆవిడ గట్టు మట్టిలోకి ఒక్క తూటా పేల్చేవారు. పందిని చంపాలంటే వేరే అనుమతి కావాలి కాబట్టి ఎప్పుడూ పంది మీద పేల్చలేదు. ఆ మోతకే మంద కొండెక్కేది. ఆవిడ తుపాకీ నీడన నా చెరకు కూడా బతికేది.

నేను అయిదో తరగతితో బడి మానేసినవాణ్ణి. నాకు చదువు తక్కువ, కోపం ఎక్కువ. ఎన్నికలు వచ్చినప్పుడల్లా లైసెన్సు తుపాకులన్నీ పోలీస్ స్టేషన్‌లో అప్పగించాలి. ఒకసారి అలా కబురొస్తే ఆవిడ వాకిట్లో నిలబడి నేను రంకెలు వేశాను. పందులకు కూడా ఎన్నికల కోడ్ పెట్టమని ఆ ఎస్సైగారికి చెప్పండని అన్నాను. ఆవిడ నవ్వలేదు. లోపలికి వెళ్ళి లైసెన్సు తెచ్చి, వెనక అచ్చులో ఉన్న షరతుల మీద వేలు పెట్టి చదవమన్నారు. నాకు ఇంగ్లీషు రాదన్నాను.

"రాదు కాబట్టే అరుస్తన్నావు. ముందు సదువు, సన్నాసిరావు. సదివేక కూడా కోపం మిగిలితే, అది పనికొచ్చే కోపం."

పిల్లలు బొమ్మల పుస్తకంతో ఇంగ్లీషు నేర్చుకుంటారు. నేను తుపాకీ లైసెన్సు షరతులతో నేర్చుకున్నాను. సాయంత్రాలు ఆవిడ వరండాలో కూర్చుని ఒక్కో మాటా కూడబలుక్కునేవాణ్ణి. ఆ తరవాత కరెంటు బిల్లు, బ్యాంకు నోటీసు, విత్తనాల సంచి మీద చిన్న అక్షరాలు. ఈ రోజుకీ ఏ కాగితం మీదైనా చిన్న అక్షరాలే ముందు చదువుతాను. పెద్ద అక్షరాల్లో ఎవడూ నిజం చెప్పడు.

ఇలా ఉండగా ఆవిడ ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు దిగబోతూ మెట్టు తప్పి పడ్డారు. కుడి బుజం ఎముక విరిగింది. అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. రైఫిల్ పేల్చినప్పుడు దాని వెనక చెక్క మడమ బుజాన్ని వెనక్కి తంతుంది. ఆ తన్ను ఆ బుజం తట్టుకోలేకపోయేది. మెత్తటి దిండు కట్టి చూశారు, లాభం లేదు. ఒక్క తూటా పేల్చి గట్టు మీద కూలబడిపోయేవారు. మీ బదులు నేను కాలుస్తానన్నాను. నీ పేరు లైసెన్సులో లేదు కదా అన్నారు. నిజమే. ఆవిడ కాల్చలేకపోతే తుపాకీ ప్రభుత్వానికి అప్పగించాలి. అప్పగిస్తే పందులకు అడ్డు లేదు, రెండు తోటలూ దక్కవు. మిషన్ ఆసుపత్రి పింఛను ఇవ్వదు. ఆవిడకు ఆ చెరకు తప్ప వేరే జరుగుబాటు లేదు, నాకూ లేదు.

తూటాలు కొనడానికి విశాఖపట్నం వెళ్ళినప్పుడు అక్కడి డీలరు ఆవిడకు మజిల్ బ్రేక్ అనేదాని సంగతి చెప్పాడు. మేము దానికి మూతి బ్రేకు అని పేరు పెట్టుకున్నాం. గొట్టం చివర తొడిగే బోలు ఇనప ముక్క, పక్కలకు రంధ్రాలుంటాయి. పేలినప్పుడు పుట్టే వాయువు ఆ రంధ్రాల్లోంచి పక్కలకు పోతుంది కాబట్టి వెనక తన్ను తగ్గుతుంది. అందులో రెండు రకాలు. ఒకటి గొట్టానికి మరలు కోసి బిగించేది, రెండోది గొట్టాన్ని ముట్టుకోకుండా పైన పట్టీలా బిగించేది. మరల రకం గట్టిగా ఉంటుందని మా ఊరి లేతు షాపు నాయుడు తేల్చేశాడు. అతను చెరకు గానుగ రోలర్లకు మరమ్మతు చేసేవాడు. నేనూ అతని మాటే మోసుకెళ్ళాను. ఆవిడ చిరాకు పడ్డారు. గొట్టం కోయడానికి అతనికి లైసెన్సు ఉందా అని అడిగారు. లేదు. కోసిన గొట్టం మళ్ళీ అతుక్కుంటుందా అని అడిగారు. అతుక్కోదు. అంతటితో ఆ మాట అయిపోయింది.

పట్టీ రకమైనా సరే, అడగకుండా బిగించనన్నారు. జిల్లా ఆఫీసులో అర్జీ పెట్టారు. అక్కడి గుమస్తాకు ఆ వస్తువు ఏమిటో తెలియదు. మోత వినపడకుండా చేసే సైలెన్సర్ అనుకుని భయపడ్డాడు. మోత తగ్గదు, పెరుగుతుంది బాబూ అని ఆవిడ బొమ్మ గీసి చూపించారు. ఆ ఆఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరిగామో లెక్క పెట్టలేదు. ఒకరోజు సాహెబు లేడు, ఒకరోజు ఫైలు లేదు, ఒకరోజు రెండూ ఉన్నాయి గాని కరెంటు లేదు. దొంగ తుపాకులు పెట్టుకున్నవాడు ఏ ఆఫీసు మెట్లూ ఎక్కక్కర్లేదు. లైసెన్సున్న ముసలామె మాత్రం వంకర బుజంతో మెట్లెక్కాలి. ఈ మాట తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. చదివాక కూడా మిగిలిన కోపం ఇది.

ఈలోగా పందులు ఆగలేదు. గట్టుకి ఆవల ఆవిడ చెరకు సగం నేలమట్టం చేశాయి, ఈవల నాది కూడా. డీలరు ఆ ముక్కను ఆవిడ పేర ఉంచానని కబురు కూడా చేశాడు. తెచ్చి బిగించీండి, ఈ కొండ కింద ఎవడు చూడొచ్చాడని నేను గొడవ చేశాను.

ఆవిడ విరిగిన చెరకు గడ కాలితో పక్కకు తోసి, "సూసేవోడు లేడని ఇంజెక్షన్ సూది కడక్కుండా పొడవమంటావేటి?" అన్నారు.

నేను కొన్నాళ్ళు ఆవిడతో మాట్లాడలేదు. ఆవిడ అదేమీ పట్టించుకోకుండా రోజూ గట్టు మీద రేకు డబ్బా కొట్టుకుంటూ తిరిగేవారు. ఆ డబ్బా మోతకు పందులు తల కూడా ఎత్తేవి కావు.

చివరకు మూడు షరతులతో అనుమతి వచ్చింది. గొట్టాన్ని కోయకూడదు, లైసెన్సున్న రిపేరుదారు చేతనే బిగించాలి, మోత తగ్గించేది కాకూడదు. విశాఖపట్నం డీలరు లైసెన్సున్న తన రిపేరు మనిషిని ఇంటికే పంపాడు. రూతమ్మగారు తూటాలు లోపల బీరువాలో పెట్టి తాళం వేశారు. వరండాలో బల్ల మీద తెల్ల దుప్పటి పరిచి, రైఫిల్ ఖాళీగా ఉందని తనొకసారి చూసి, ఆ మనిషిని చూడమని, నన్నూ చూడమన్నారు. ఆపరేషన్ గది ఎలా ఉంటుందో నాకు తెలియదు గాని, ఆ వరండా అలా ఉందనుకున్నాను. ఆ మనిషి పట్టీ తొడిగి, ముక్క నడిమి రంధ్రం గొట్టంతో సూటిగా ఉందో లేదో సన్నటి కడ్డీ దూర్చి చూసి, మరలు బిగించి, చేతులు దులుపుకున్నాడు. టీ తాగి బయలుదేరబోతుంటే ఆవిడ, మళ్ళీ ఊడదీయమన్నారు. అతను బిత్తరపోయాడు.

"బిగించమన్నారు, బిగించీసేనండి. మళ్ళీ ఇప్పడం ఏటికండి?"

"నర్సుని బాబూ నేను. కట్టు కట్టీసి ఎల్లిపోతే సరిపోదు. నేను ఇప్పగలిగితేనే అది కట్టు."

ఇలాంటి పార్టీ తగల్లేదని అతను నాతో గొణిగాడు. అయినా విప్పాడు. ఆవిడ చేత కట్టించాడు, విప్పించాడు. కడ్డీ దూర్చి సూటి చూడటం కూడా నేర్పించేదాకా ఆవిడ వదల్లేదు. మధ్యాహ్నం భోజనం అక్కడే తిని, మూడో బస్సుకు వెళ్ళాడు.

ఆ వారమే పందులు దిగాయి. నన్ను వెనక్కి నిలబడమన్నారు. బాగా చూడాలని నేను పక్కన నిలబడ్డాను. తుపాకీ పేలింది. ఆవిడ కూలబడలేదు, బుజం తడుముకుని అలాగే నిలబడ్డారు. నా చెవిలో మాత్రం గానుగ తిరిగింది. బుజం తన్ను నా సెవికి బదిలీ చేసీసేరమ్మగారూ అన్నాను. వెనక నిలబడమన్నది అందుకేనని ఆవిడ అన్నట్టున్నారు. నాకు పెదవులు కదలడమే కనిపించింది.

మరుసటి ఎన్నికలకు తుపాకీ అప్పగించడానికి స్టేషన్‌కు వెళ్ళాం. కొత్తగా వచ్చిన ఎస్సైగారు కుర్రవాడు. తుపాకీ మూతి చూసి ముఖం మారిపోయింది. ఆయుధాన్ని మార్చారు, కేసు కట్టాల్సి ఉంటుంది, లైసెన్సు పోతుంది అన్నాడు. రూతమ్మగారు అనుమతి కాగితం చూపించారు. అతను చదివాడు. గొట్టం కోయకూడదని ఇందులో ఉంది, ఆ ముక్క కింద కోశారో లేదో నాకెలా తెలుస్తుంది, జిల్లాకు పంపి పరీక్ష చేయిస్తాను అన్నాడు. జిల్లాకు పోయిన వస్తువు ఎప్పుడు తిరిగొస్తుందో మాకు తెలుసు. నేను గొంతెత్తాను. రూతమ్మగారు నా వైపు చూడకుండానే చెయ్యి అడ్డం పెట్టారు.

"తప్పు అడగలేదు సన్నాసిరావు. నేనైనా అదే అడుగుదును. బాబూ, మీ ముందే ఇప్పమంటారా?"

అతను తల ఊపాడు. ఆవిడ సంచిలోంచి చిన్న తాళంచెవి లాంటి పనిముట్టు తీసి, మరలు వదులు చేసి, ముక్కను మెల్లగా లాగేశారు. అంతవరకూ దాని కింద దాగున్న గొట్టం నున్నగా, ఒక్క గీత లేకుండా, తండ్రి కొన్ననాటి లాగే ఉంది. ఎస్సైగారు గోటితో రాసి చూశాడు. కిటికీ వెలుగులోకి తిప్పి చూశాడు. లేతు షాపు నాయుడి మాట విని ఉంటే ఆ గోటికి మరలు తగిలేవి. అతను తుపాకీ తీసుకుని రసీదు రాసి, ముక్కను ఆవిడ చేతిలో పెట్టాడు. బయటకు వచ్చాక నేను గెలిచినట్టు మాట్లాడబోతే ఆవిడ, బుజం లాగేస్తంది, బేగి ఆటో పిలు అన్నారు.

ఆ తరవాత ఆవిడ చాలా పంటలు కాపాడారు, ఆవిడవీ నావీ. చూపు ఆనడం లేదని తెలిసిన ఏడాది ఎవరూ అడగకుండానే తుపాకీ అప్పగించేశారు. మూతి బ్రేకు మాత్రం తరవాత ఆవిడ దుప్పట్ల పెట్టె అడుగున నాకు దొరికింది. అప్పటికి ఆవిడను చర్చి వెనక పడుకోబెట్టి వచ్చాం. ఒట్టి ఇనప ముక్క. కొక్కేనికి తగిలించుకున్నా, తలగడ కింద పెట్టుకున్నా అడిగేవాడు లేడు. నేను కండువాలో చుట్టుకుని స్టేషన్‌కు వెళ్ళాను. ఇది నేను ఉంచుకోవచ్చా, ఉంచుకోకూడదా అని అక్కడ రాతకోతలు చూసే రైటరుగారిని అడిగాను. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి నవ్వాడు.

"ఈ ముక్కకి కూడా అడగాలేటి తాతా? పట్టుకుపో."

"పట్టుకుపొమ్మని రాసిచ్చీండి బాబూ, పట్టుకుపోతాను" అన్నాను.

రాసివ్వడానికి అతను భయపడ్డాడు. పైవాళ్ళను కనుక్కుని చెబుతానని ముక్కను బీరువాలో పెట్టి రసీదు ఇచ్చాడు. బజారుకు వెళ్ళిన రోజుల్లో స్టేషన్‌కు వెళ్ళి అడుగుతుంటాను. ఇంకా కనుక్కోలేదట. నేను అరవను. బెంచీ మీద కూర్చుని గోడకు అంటించిన నోటీసుల్లో చిన్న అక్షరాలు చదువుకుంటాను. చదవడం పూర్తయ్యాక లేచి మళ్ళీ అడుగుతాను.