పిల్లి సాక్ష్యం

మా పిల్లికి షుగర్ అని తేలిన రోజు మా సందులో నవ్వనివాళ్లు లేరు. సికింద్రాబాదులో షుగర్ లేని ఇల్లు ఉండదు కాబట్టి, షుగర్ గురించి అన్నీ తెలిసిపోయిన మనుషులు కూడా ఇంటికొకరు ఉంటారు. ఎదురింటాయన నన్ను గేటు దగ్గరే ఆపాడు. "ఏందమ్మా, పిల్లికి షుగరేంది? మెంతులు నానబెట్టి తాగించుండ్రి, వారంల దిగుతది" అన్నాడు. పిల్లికి బిచ్చం పెట్టని మనిషి, సలహా మాత్రం ధారాళంగా పెట్టాడు. రెజిమెంటల్ బజార్లో మందుల షాపతను సిరంజీలు కడుతూ "పేషెంటు పేరేంది మేడం?" అని అడిగాడు. పిల్లికి అనగానే లోపలివాళ్లను బయటికి పిలిచి మరీ నన్ను చూపించాడు.

నేను ముప్పై ఏళ్లు హైస్కూల్లో బయాలజీ చెప్పి రిటైరైనదాన్ని. అజ్ఞానం నాకు కొత్త కాదు. పిల్లల అజ్ఞానాన్ని పరీక్ష పెట్టి పట్టుకోవచ్చు. పెద్దలకు పరీక్ష పెట్టేదెవరు?

వీళ్లంతా ఒక ఎత్తు, మా వదినగారు ఒక్కరూ ఒక ఎత్తు. ఆవిడ మా ఆయనకు అక్క. పెళ్లి చేసుకోలేదు. ఏదో ఆఫీసులో టైపిస్టుగా చేసి, మా ఆయన పోయాక కూడా నాతోనే ఉండిపోయింది. ఆవిడకూ పదిహేనేళ్లుగా షుగర్. రోజూ తనకు తనే ఇన్సులిన్ పొడుచుకుంటుంది. అయినా ఆ జబ్బు గురించి ఆవిడకు తెలిసింది సున్నా అని నా అభిప్రాయం. పిల్లికి పొద్దున పాలన్నం, సాయంత్రం టీలో ముంచిన రస్కు, పండగలకు కేకు ముక్క పెట్టి పెంచింది ఆవిడే. అది గుమ్మడికాయంత అయితే "దేవుడిచ్చిన ఒళ్లు" అని మురిసిపోయింది. ఆ తర్వాత అది చిక్కిపోయి, బాత్రూంలో బకెట్ మీదికెక్కి మరీ నీళ్లు తాగుతుంటే "ఎండలమ్మా" అంది. అప్పటికి వానలు మొదలై నెల దాటింది.

బేగంపేటలో పశువుల డాక్టరమ్మ రక్తం పరీక్ష చేసి చెప్పింది. "రోజుకు రెండుసార్లు ఇన్సులిన్ ఇయ్యాలె మేడం. తింటున్నప్పుడే ఇయ్యాలె, టైం తప్పొద్దు. అన్నం, పాలు, రస్కులు అన్నీ బంద్. జెర ఓపిక పట్టుండ్రి."

ఓపిక నాకు ఉంది. పొద్దున ఏడింటికి, సాయంత్రం ఏడింటికి ఉడికించిన కోడిమాంసం పళ్లెంలో వేసేదాన్ని. అది తింటూండగానే వీపు మీద చర్మం రెండు వేళ్లతో పైకి లాగి, వెంట్రుకంత సూది గుచ్చేదాన్ని. చెవి అంచున ఒక్క చుక్క రక్తం తీసి మీటర్లో చూసుకునేదాన్ని. అది ఎన్నిసార్లు నీళ్లు తాగిందో కూడా నోట్‌బుక్కులో రాసేదాన్ని. ఇందులో వదినగారి వంతు ప్రార్థన. పిల్లి తల మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకునేది. ఆ ప్రార్థన సృష్టి మొదలుకుని మా పిల్లి దాకా వచ్చేసరికి పళ్లెంలో మాంసం అయిపోయి, పిల్లి లేచి వెళ్లిపోయేది. దాన్ని మంచం కింద నుంచి లాక్కొచ్చే పని నాది. సూది నాది, ఆమెన్ ఆమెది.

ఐదో నెలలో మోతాదు తగ్గిస్తూ వచ్చి, చివరికి డాక్టరమ్మ ఇన్సులిన్ ఆపేయమంది. "కొన్ని పిల్లులకు గిట్ల అయితది మేడం. తొందరగ షురూ చేసినరు, తిండి మార్చినరు, గందుకే. మళ్ల రావచ్చు సుత, చూస్తుండాలె" అంది. నాకు గర్వంగా అనిపించింది. ఇల్లు చేరగానే వదినగారు గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"ఏమన్నారమ్మా?"

"ఇక సూది అక్కర్లేదట."

అంతే చెప్పాను. ఎందుకు అక్కర్లేదో, ఎవరికి అక్కర్లేదో చెప్పలేదు. చెవిటివాడి ముందు శంఖం ఎందుకు ఊదడం అనుకున్నాను.

ఆ ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేళ్లు అందరి ముందూ చెప్పుకునే సాక్ష్యాల సమయానికి ఆవిడ లేచి నిలబడింది. "మా ఇంట్లో ఒక మూగజీవికి రోజూ ఇన్సులిన్ కావాలన్నారు. నేను చెయ్యి పెట్టి ప్రార్థించాను. ఇవాళ సూది లేదు, మందు లేదు. దేవునికి స్తోత్రం" అంది. హాలంతా స్తోత్రం పలికింది. ఎలుకకు పిల్లి సాక్ష్యమంటారు. మా చర్చిలో పిల్లికి మా వదిన సాక్ష్యం. బయటికొచ్చాక ఆడవాళ్లు నా చేతులు పట్టుకుని అభినందించారు. ఒక్క మాట చెప్పి ఉండవచ్చు. కానీ చెబితే, వాళ్లందరినీ చూసి లోపల నవ్వుకునే సుఖం పోతుంది. నేను ఆ సుఖమే ఉంచుకున్నాను.

నెలన్నర గడిచింది. వదినగారు నీళ్ల సీసా పక్కనే పెట్టుకుని కూర్చునేది, అది ఖాళీ చేసి మళ్లీ నింపుకునేది. పిల్లి విషయంలో నోట్‌బుక్కు పెట్టినదాన్ని, మనిషి విషయంలో తల ఎత్తి చూడలేదు. కాలికి గుడ్డ కట్టుకుంటే "చెప్పు కరిచిందమ్మా" అంది, సరే అన్నాను. ఒకరోజు పొద్దున ఆవిడ గదిలోకి వెళితే వాసన కొట్టింది. గుడ్డ విప్పి చూశాను. రెండు వేళ్లు నల్లబడి ఉన్నాయి.

ఆసుపత్రికి తీసుకెళదామని ఆవిడ మందులు సర్దబోయాను. ఫ్రిజ్ తలుపులో ఆవిడ ఇన్సులిన్ బుడ్డి సీలు తియ్యకుండా ఉంది.

"ఇది ఎప్పటి నుంచి ఆపేశారు?"

"సాక్ష్యం చెప్పిన రోజు నుంచి" అంది. "పిల్లికి తగ్గించినవాడు నాకు తగ్గించడా? అందరి ముందూ నిలబడి అలా చెప్పి, ఇంటికొచ్చి సూది పొడుచుకుంటే నాది విశ్వాసం ఎలా అవుతుందమ్మా?"

నేను ఆ బుడ్డిని సంచిలో వేసుకుని ఆటో పిలిచాను.

ఆసుపత్రిలో ఆ రెండు వేళ్లూ తీసేశారు. పాదం దక్కుతుందో లేదో వారం దాకా చెప్పలేమన్నారు. రెండో రోజు పాస్టరుగారు చూడటానికొచ్చారు. ఆయన్ని కూడా తీసిపారేద్దామని సిద్ధంగానే ఉన్నాను. "మందులు ఆపమని ఎవరు చెప్పారమ్మా? మందు కూడా ఆయన ఇచ్చిందే కదా" అని ఆయన ఆవిడనే కోప్పడ్డారు. నాకు ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

ఆయన వెళ్లాక కుర్చీ మంచానికి దగ్గరగా జరుపుకుని మొత్తం చెప్పాను. పిల్లికి ఇన్సులిన్ ఏం చేసిందో, తిండి మార్చడం ఏం చేసిందో, కొన్ని పిల్లులకు అలా ఎందుకు తగ్గుతుందో, ఆవిడ శరీరంలో ఇన్నేళ్లుగా జరిగింది దానికి ఎలా వేరో చెప్పాను. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ఆవిడ శ్రద్ధగా విన్నది.

"అంటే దానికి మళ్లీ రావచ్చన్నమాట" అంది.

క్లాసులో నలభై మందిలో ఒక్కరు అలాంటి మాట అంటే సంతోషించేదాన్ని.

"ఇంతే సంగతా? ఆ రోజే చెప్పలేకపోయావా?" అంది ఆవిడే మళ్లీ.

"మీకు అర్థం కాదనుకున్నాను" అన్నాను. అది సగం నిజమే. మిగతా సగం ఇంకా లోపలే ఉంది. దాన్ని కూడా మింగేస్తే ఇక నేను ఎందుకూ పనికిరాననిపించింది. "మీరంటే నాకు చులకన, వదినగారూ. అందుకే చెప్పలేదు."

ఆవిడ దుప్పటి కింద కట్టు కట్టిన కాలు మెల్లగా సర్దుకుంది. కోపం లేదు ఆ ముఖంలో.

"అది నువ్వు కాపురానికొచ్చిన ఏడాదే తెలిసిందమ్మా నాకు" అంది. "పిల్లి సంగతే తెలియలేదు."