భూటాన్ గేటుకు ఇవతల

ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులారా, నేను హౌరా దగ్గర సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లలో ఉండే సుగుణమ్మను. నా భర్త లోకల్ ట్రైన్లో నా పక్కన కూర్చుని ఉండగానే గుండె ఆగి ప్రభువు సన్నిధికి వెళ్లిపోయారు. అప్పటి నుంచి నాకు రైలంటే భయం పట్టుకుంది. మా కాలనీలో రైలు కూత వినపడని ఇల్లు లేదు, కూత వినపడితే చేతులు వణికేవి, గుమ్మం దాటితే ఊపిరాడేది కాదు, మందులు వాడాను, ఉపవాసాలున్నాను, అయినా మా అమ్మాయి కరుణ చెయ్యి పట్టుకోకుండా ఖిదిర్‌పూర్‌లోని ఈ మందిరానికి కూడా రాలేకపోయాను.

నాకు కాస్త గాలి మార్పుగా ఉంటుందని కరుణ ఈ వేసవి సెలవుల్లో భూటాన్ ప్రయాణం పెట్టింది. అల్లుడికి సెలవు దొరకలేదు, కరుణ, మనవరాలు మేరీ, నేను వెళ్లాలనుకున్నాం. మేరీ బడిలో అందరికీ చెప్పుకుంది. భూటాన్‌లోకి రానివ్వాలంటే పెద్దవాళ్లకు పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉండాలని, ఆధార్ చెల్లదని కరుణ ముందే చెప్పింది. నేను మా ఆయన రైల్వే ఉద్యోగం మీద నాకిచ్చిన గుర్తింపు కార్డు పెట్టుకున్నాను. మా ఆయన ఉన్నన్నాళ్లూ స్టేషన్లో గానీ ఆసుపత్రిలో గానీ ఆ కార్డు చూపిస్తే ఎవరూ ఆపింది లేదు, మా రైల్వే వాళ్లకు దాని మీద అంత నమ్మకం. ఓటరు కార్డు బీరువాలోనే ఉండిపోయింది.

రైల్లో కరుణ చెయ్యి వదలకుండా హాసిమారా దాకా వెళ్లి, అక్కడి నుంచి భూటాన్ గేటు చేరాం. సరిహద్దు దగ్గర ఆఫీసరు నా కార్డును అటూ ఇటూ తిప్పి చూసి, మర్యాదగానే, ఇది చెల్లదమ్మా అన్నాడు. నేను కళ్లు మూసుకుని, "ప్రభువా, ఈయన మనసు మార్చు, ఈ గేటు తెరువు" అని ప్రార్థించాను. ఆయన మనసు మారలేదు. అబద్ధం చెప్పను, నాకు దేవుని మీద కోపం వచ్చింది.

"ఇంకేటి చేస్తాం, ముగ్గురం ఇంటికెల్లిపోదాం. నువ్వొక్కదానివి రైల్లో ఎలాగెల్తావమ్మా?" అంది కరుణ. మేరీ షూ లేసు కట్టుకుంటున్నట్టు వంగి కళ్లు తుడుచుకుంది. అది చూసి తట్టుకోలేక మళ్లీ ప్రార్థించాను. "సరే తండ్రీ, గేటు తెరవకపోతే మానెయ్యి. నాతో రైలెక్కు."

"మీరిద్దరూ ఎల్లండమ్మా. నాను ఇంటికెల్తాను" అన్నాను. ఆ మాట నా నోటి నుంచే వచ్చిందంటే నేనే నమ్మలేకపోయాను.

కరుణ నన్ను హాసిమారా స్టేషన్లో రైలెక్కించి ఏడుస్తూ వెళ్లింది. దారంతా కీర్తనలు చెప్పుకుంటూ కోల్‌కతా చేరాను, హౌరాలో మా లోకల్ ఎక్కాను, మా ఆయన కన్నుమూసిన రైలు కూడా ఆ దారిదే. ఎదురు సీట్లోని బెంగాలీ అబ్బాయి, మాషీమా, అంటే పిన్నిగారూ, ఎక్కడ దిగాలి అని అడిగాడు. సంత్రాగాఛి అన్నాను. అప్పుడు నా చేతులు చూసుకున్నాను. అవి ఒళ్లో ఊరికే ఉన్నాయి. దేవునికే మహిమ కలుగును గాక.

నేనడిగిన గేటు ఆయన తెరిచి ఉంటే కరుణ చెయ్యి పట్టుకుని కొండలు చూసి, అదే భయంతో తిరిగి వచ్చేదాన్ని. ఈ రోజు ఒక్కదాన్నే లోకల్ ఎక్కి, హౌరాలో దిగి బస్సెక్కి మీ ముందు నిలబడ్డాను. మీలో ఎవరైనా భయంతో ఇంట్లో కూర్చుండిపోతే, మీతో రమ్మని ఆయనను అడగండి, ఆయన వస్తాడు. ఓటరు కార్డు ఇప్పుడు నా పర్సులోనే ఉంది. వచ్చే సెలవుల్లో భూటాన్ తీసుకెళ్తానని మేరీ మాటిచ్చింది, రైల్లో కిటికీ పక్క సీటు మాత్రం నాదేనని దానితో ఇప్పుడే చెప్పి పెట్టాను.