కొసరు చెయ్యి

మాది బిస్సమ్ కటక్‌లో నూనె, బెల్లం, ఉప్పు అమ్ముకున్న కుటుంబం. ఇంట్లో వెల్లుల్లిని కూడా గడప దాటనివ్వని మనుషులం. అలాంటి ఇంట్లో పుట్టి నేను కొరాపుట్ క్లబ్బులో దొరలకి మందు కలిపే విద్య నేర్చుకున్నాను. సరదా పుట్టి కాదు. నాన్న పోయాక అన్నలు కొట్టు పంచుకున్నారు. నా వంతుకి ఒక త్రాసూ, నూనె కొలిచే గిద్దా వచ్చాయి. వాటిని ఏం చేసుకోను, నెత్తిన పెట్టుకుని ఊరేగనా? పెళ్ళాన్నీ చంటిపిల్లనీ పుట్టింట దింపి కొండెక్కాను.

యుద్ధం రోజులవి. కొరాపుట్ జిల్లా అయి పదేళ్ళు కూడా కాలేదు. ఊరంటే నాలుగు కచేరీలు, పది బంగళాలు, మిగిలినదంతా చలి. క్లబ్బూ పెద్దదేం కాదు, పెంకుల కప్పు, రెండు గదులు, ఒక వరండా. అక్కడ మందు బల్ల వెనక ఉండేవాడు భీమిలి నుంచి వచ్చిన ముసలి బట్లరు. అందరూ బట్లరు తాత అనేవారు. రెండు కళ్ళకీ పొరలు కమ్మాయి. ముందూ వెనకా ఎవరూ లేరు. ఉద్యోగం విరమించుకుని భీమిలిలో ఉంటున్న పాత దొర ఒకాయన తన బంగళా పెరట్లో ఒక గది, రెండు పూటలా కూడు ఇస్తానన్నాడట. కానీ క్లబ్బు సెక్రటరీ దొర చేతి రాతతో మంచివాడని కాగితం తేవాలి. సెక్రటరీ దొరేమో, నీ స్థానంలో ఒకణ్ణి తయారు చేసి చూపించు, అప్పుడు రాసిస్తానన్నాడు.

నాకు ముందు ఇద్దరొచ్చారట. ఒకడు చలికి తట్టుకోలేక పారిపోయాడు. రెండోవాడు చెప్పిన పాఠం చెప్పినట్టు తాగేశాడు.

"నువ్వు తాగుతావేటి?" అనడిగాడు తాత నన్ను.

"ఎల్లుల్లిపాయే తినం తాతా."

"అయితే బతికేను. సావుకారూ, రేపొద్దున్నే రా."

అప్పటి నుంచి నేను ఆయనకి సావుకారునే. చేతిలో చిల్లిగవ్వ లేని సావుకారుని.

మొదటి రెండు నెలలు సీసా ముట్టనివ్వలేదు. విస్కీకి టీ డికాషన్, జిన్నుకి బావి నీళ్ళు. గ్లాసు అంచు వేలికి తగలకుండా అడుగున పట్టుకోవాలి, ఐసుముక్క మీద సోడా మెల్లగా జారాలి. మందు కలిపి ఊపడానికి క్లబ్బుకి వెండి షేకరు ఉండేదట గానీ, బదిలీ అయిన దొరెవరో సామానుతో పాటు దాన్నీ సర్దుకుపోయాడు. దొరలు కూడా మనలాంటి వాళ్ళే. అందుకని తాత తన ఇత్తడి మరచెంబుకి కళాయి పెట్టించి వాడేవాడు. జిన్ను, నిమ్మరసం, పంచదార పాకం, ఐసు వేసి మర బిగించి, చెవి పక్కన పెట్టుకుని ఊపమనేవాడు. ముక్కల చప్పుడు సన్నబడగానే ఆపాలి. కళ్ళు పోతున్నవాడి విద్య అది. ఐసు రంపపు పొట్టులో చుట్టుకుని సాలూరు బస్సు మీద వచ్చేది. రాని రోజున గులకరాళ్ళతో పాఠం.

రుచి చూడనన్నాను కాబట్టి వాసన నేర్పాడు. "నిమ్మ ముందు రావాల, జిన్ను ఎనకాల రావాల. ఎనకది ముందొచ్చిందంటే పారబొయ్యి." మూడో నెలకి నా ముక్కు ఆయన చెప్పినట్టు వినడం మొదలెట్టింది. చెయ్యే వినలేదు.

కొలత గ్లాసుతో పెగ్గు కొలిచి పోశాక, నా మణికట్టు దానంతటదే సీసాని ఇంకొక్కసారి వంచేది. రెండు చుక్కలు. తాతకి కనబడకపోయినా సీసా వేసే ఆ రెండో గుటక చప్పుడు వినబడేది.

"ఏటది?"

"కొసరు తాతా."

"ఎవుడడిగేడు?"

"అడక్కపోయినా ఎయ్యాల గదా. కొలిసినంతే ఇస్తే మా కొట్టు గుమ్మం మల్లీ తొక్కరు."

చెంచా తిరగేసి మణికట్టు మీద ఒక్కటిచ్చాడు. "ఇది మీ అయ్య కొట్టు గాదు. ఇక్కడ కొలతే దేవుడు. నువ్వు కొసరేసేవంటే జిన్నెక్కువై నిమ్మ సచ్చిపోద్ది, దొర మూతి ముడుసుకుంటాడు, నా కాయితం గంగలో కలిసిపోద్ది."

నాన్న ఇరవై ఏళ్ళు నేర్పింది మూడు నెలల్లో ఎలా పోతుంది? గిద్ద నూనె కొలిచాక కొసరు వెయ్యకపోతే నాన్న నా నెత్తిన మొట్టేవాడు. వేస్తే ఈయన చెంచాతో కొడుతున్నాడు. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకల్తో గాని పోదు" అని తాత తల పట్టుకునేవాడు. అయినా వదల్లేదు. వానాకాలం దాటేసరికి, ఆయన పక్కన ఉన్నంతసేపూ నా చెయ్యి కొలత గీత దగ్గర ఆగడం నేర్చుకుంది.

చలికాలంలో నన్ను బల్ల దగ్గర ఒంటరిగా నిలబెట్టి, తాను వెనక గదిలో గ్లాసులు తుడుచుకుంటూ కూర్చునేవాడు. దొరలకి నా చెయ్యి నచ్చింది. కొత్తవాణ్ణే పొయ్యమనండి అనేవారు. నేను పొంగిపోయాను, చెయ్యి మళ్ళీ కొసరుకి వంగింది. తెలియక చేశానని ఇప్పుడు అబద్ధం చెప్పను. తెలుసు. రెండు చుక్కలే కదా అనుకున్నాను. మంచి మాటన్న మనిషికి కొసరు వెయ్యకుండా ఎలా ఉంటాం? పెళ్ళాన్నీ పిల్లనీ కూడా కొరాపుట్ తెచ్చేసుకున్నాను.

యుద్ధం వల్ల విస్కీ పెట్టె ఎప్పుడొస్తుందో తెలియని కాలం. మూడు నెలలకి సరిపోవలసిన పెట్టె పది రోజుల ముందే అడుగంటింది. సెక్రటరీ దొర ఒక సాయంత్రం ఖాళీ సీసాలు వరండాలో వరసగా పెట్టించి, తాతని పిలిచి అందరి ముందూ నిలదీశాడు. ముసలితనంలో అదుపు తప్పి నువ్వే తాగేశావా అన్నాడు. తాత నేనున్న వైపు చూద్దామనుకుని పక్కనున్న స్తంభం వైపు చూశాడు.

నేను నోరు విప్పలేదు. పెళ్ళాం, పిల్ల, కొత్తగా దొరికిన గది, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. పిరికిసన్నాసిని. కాగితం ఇవ్వనని, పెట్టె సర్దుకోమని దొర చెప్పి లోపలికి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే దొర బంగళాకి వెళ్ళాను. వచ్చీరాని ఇంగ్లీషులో మొత్తం చెప్పాను, కొలత, కొసరు, మా నాన్న, నూనె గిద్ద. చెయ్యి వంచి చూపించాను కూడా. దొర నవ్వాడు. కొలిచాక ఊరికే ఇంకొంచెం పోసేవాడు లోకంలో ఉంటాడా అన్నాడు. నిన్నటి దాకా కాస్త అనుమానమే ఉండేది, అబద్ధం నేర్పి నిన్ను పంపించాడంటే ఇక అనుమానం లేదన్నాడు. నా గురుభక్తి మాత్రం మెచ్చుకుని, ఉద్యోగం నాకే ఇచ్చాడు. నిజం చెప్పి ఆ ముసలాయన్ని మొదటికంటే లోతుగా పాతిపెట్టి వచ్చాను.

రెండు రోజుల తర్వాత సాలూరు బస్సెక్కడానికి వచ్చాడు తాత. పెట్రోలు దొరక్క బొగ్గు పొగతో నడిపే బస్సు, పొయ్యి రాజేసి అది కదిలేసరికి గంట పడుతుంది. మరచెంబు నాకే వదిలేశాడు కనక అందులోనే టీ పట్టుకెళ్ళాను.

"తాతా, ఆ సీసాలు నా కొసరే."

"నాకు తెల్దేటి? సెవులు బానే ఉన్నాయి గదా. ఎనక గదిలోంచి రోజూ ఇనేవోణ్ణి."

"మరెందుకు ఆపలేదు?"

"ఆపితే నువ్వు పనికిరావని దొరకి సెప్పాల. మల్లీ ఇంకొకడు రావాల, మల్లీ నేర్పాల. అప్పటికి ఈ కళ్ళుంటాయేటి? ఎలాగోలా గట్టెక్కుతాననుకున్నాను."

"ఇప్పుడెక్కడికి ఎల్తావు?"

"భీమిలే. ఆ దొర గేటు తియ్యడు. సముద్రపొడ్డు కాయితం అడగదు గదా."

గ్లాసులో టీ పోసిచ్చాను. ఊదుకుంటూ తాగాడు. ఖాళీ గ్లాసు నా వైపు చాపాడు.

"ఒరే సావుకారూ, కొసరేదిరా?"

మరచెంబు వంచాను. చుక్క రాలేదు. పొద్దున్న పొయ్యి దగ్గర నేనే కొలిచి పోశాను, ఒక గ్లాసంటే ఒక గ్లాసు.

తాత "నేర్సేసుకున్నావు" అన్నాడు. గ్లాసు నా చేతిలో పెట్టి, తడుముకుంటూ బస్సెక్కాడు.