మొగిలి తీసిన దోషం

కూకట్‌పల్లి దాటి బాలానగర్ వైపు మళ్లగానే సీతారామయ్యగారి లేత్ షాపు ఉండేది. అందులో బ్యాలెన్సింగ్ మిషన్ మీద పన్నెండేళ్లుగా పనిచేస్తున్నవాడు మొగిలి. పరకాల దగ్గర పల్లె అతనిది, ఏడో తరగతి దాకా చదివాడు. పొద్దున్నే చెప్పులు గడప బయట వదిలి, మిషన్‌ను తాకి కళ్లకద్దుకున్నాకే స్విచ్చి వేసేవాడు.

ఇంజన్ లోపల క్రాంక్‌షాఫ్ట్ తిరుగుతుంది. దాని వెనక కొసన ఫ్లైవీల్ అనే బరువైన ఇనుప చక్రం, ముందు కొసన డ్యాంపర్ అనే రబ్బరు పొర ఉన్న చిన్న చక్రం బిగించి ఉంటాయి. చక్రానికి ఒక పక్క బరువెక్కువైతే ఇంజన్ వణుకుతుంది. మొగిలి ఆ చక్రాన్ని మిషన్ మీద తిప్పి చూసి, బరువెక్కువ ఉన్నచోట గుంటలు తొలిచి సమం చేసేవాడు. ఆ ఎక్కువ బరువును షాపులో అందరూ దోషం అనేవారు. దోషం తీయకుండా మొగిలి ఏ చక్రాన్నీ గడప దాటనిచ్చేవాడు కాదు.

తొంభై ఎనిమిది ఎండాకాలంలో కొండాపూర్‌లోని మా కాలనీకి నీళ్లు తెచ్చింది ఖాజాగూడ ఎల్లేశం ట్యాంకర్ లారీ. అవతల కొత్త అద్దాల భవనాలు కట్టే కూలీల గుడిసెలకూ అదే దిక్కు. గుడిసెల ముందు ఆఖరి నాలుగు బిందెలు ఊరికే నింపి వెళ్లేవాడు ఎల్లేశం. మిలటరీవాళ్లు వేలం వేసిన పాత బండి అది, ఎనిమిది సిలిండర్ల విదేశీ ఇంజన్. ఉగాది వెళ్లాక దాని ఫ్లైవీల్ చీలింది. ఎక్కడెక్కడో వెతికితే అలాంటి ఇంజన్‌దే మరొకటి దొరికింది. దాని ముఖం నున్నగా చెక్కి ఇమ్మని ఎల్లేశం షాపుకు తెచ్చాడు.

మొగిలి చెక్కాడు. చెక్కాక, ఎందుకైనా మంచిదని మిషన్ మీద పెట్టి చూస్తే ఒక పక్క చాలా బరువుంది. పాపం, పది ఇళ్లకు నీళ్లు పోసే బండి కదా అనుకున్నాడు. మధ్యాహ్నం అన్నం మానుకుని, నాలుగు గుంటలు తొలిచి, దోషమంతా తీసి పంపాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పను కూడా లేదు.

బిగించిన రోజు నుంచే లారీకి వణుకు పట్టుకుంది. గేరు రాడ్డు చేతిలో నిలిచేది కాదు. ఇంజన్ కింది రబ్బర్లు మార్చినా తగ్గలేదు. ఇలాగే నడిపితే క్రాంక్‌షాఫ్ట్ విరుగుతుందని, ఈ కాలంలో అలాంటిది మళ్లీ దొరకదని మెకానిక్ చెప్పేశాడు. బండిని పాత ఇనుము కింద ఇచ్చేయడానికి ఎల్లేశం ఒప్పుకున్నాడు. కొనేవాడు శుక్రవారం వస్తానన్నాడు. బుధవారం పొద్దున ఎల్లేశం ఆఖరి ఆశగా డ్యాంపర్‌ను గోనెపట్టాలో చుట్టుకుని షాపుకు వచ్చి, దాని రబ్బరు గాని పోయిందేమో చూడమన్నాడు.

రబ్బరు బాగానే ఉంది. కానీ చక్రాన్ని వెనక్కి తిప్పిన మొగిలి చెయ్యి ఆగిపోయింది. ఒక పక్క అర్ధచంద్రంలా ఇనుము దళసరిగా పోసి ఉంది. పొరపాటున వచ్చింది కాదు, కావాలని పెట్టిన బరువు. ముందు చక్రానికి పెట్టినవాడు వెనక చక్రానికి పెట్టకుండా ఉంటాడా? షాఫ్ట్‌లో తక్కువైన బరువును ఈ రెండు చక్రాలూ కలిసి భర్తీ చేస్తున్నాయన్నమాట. మొగిలి వెళ్లి సీతారామయ్యగారికి చూపించాడు. ఆయన కళ్లద్దాలు పైకి తోసుకుని చాలాసేపు చూశారు.

"కుజదోషం ఉన్న పిల్లకి కుజదోషం ఉన్న పిల్లాణ్నే చూస్తారు కదటోయ్. ఇదీ అంతే. నువ్వు పిల్లాడికి శాంతి చేయించి పంపావు" అన్నారు.

ఎల్లేశానికి ఇదేమీ తెలియదు. తాను కొన్న చక్రమే మంచిది కాదని అనుకుంటున్నాడు. మొగిలి అతని ముందుకొచ్చి నిలబడ్డాడు.

"అన్నా, నీ బండి మంచిదే. ఖరాబు చేసింది నేను. నువ్వు అడగకముందే ఆ చక్రంల బరువు తీసేసిన."

ఎల్లేశం గోనెపట్టా మడిచి చంకలో పెట్టుకున్నాడు. "మంచి జేద్దామనుకుంటేనే గిట్ల జేసినవ్. కోపమొస్తే ఏం జేసేటోడివో తమ్మీ" అన్నాడు. తర్వాత నెమ్మదిగా, తీసింది మళ్లీ పెట్టొచ్చా అని అడిగాడు.

పెట్టొచ్చు. కానీ తీసిందెంతో మొగిలి రాసుకోలేదు. ఎంత పెట్టాలో, బరువు సరిగ్గా ఏ మూలకు రావాలో ఆ షాఫ్ట్‌తో కలిసి తిరిగిన పాత చక్రమే చెప్పాలి. అదెక్కడుందంటే ఎల్లేశం తల గోక్కున్నాడు. వాళ్లమ్మ కొమురమ్మ దాన్ని తులసి కుండ కింద పీటగా వేసుకుంది.

ఇద్దరూ ఖాజాగూడ వెళ్లారు. చక్రం చుట్టూ పసుపు పూసి, బొట్లు పెట్టి ఉన్నాయి. మొగిలి చెప్పులు విడిచి, తాను చేసిన పొరపాటు ముసలమ్మకు తానే చెప్పుకున్నాడు. చక్రం ఇమ్మని అడగడానికి మాత్రం నోరు రాలేదు. ఆమే అర్థం చేసుకుంది.

"ఇన్నేండ్లు బండిని గుంజింది గదా అని మొక్కి పెట్టుకున్న బిడ్డా. బండి కోసమే గదా, తీస్కపో. తులసమ్మ రెండు పొద్దులు కింద కూసుంటది" అంది.

రెండు గ్రాముల తేడానైనా చూపించే మిషన్ అది. చక్రం మీద మట్టి, పసుపు పెచ్చులు కట్టి ఉన్నాయి. మరొకరైతే ఇనుప బ్రష్‌తో రుద్ది పారేసేవారు. మొగిలి వాటిని గోటితో మెల్లగా గీకి, కాగితంలో పొట్లం కట్టి జేబులో పెట్టుకున్నాడు. చీలిన చక్రం కాబట్టి నిదానంగా తిప్పి, బరువు ఏ బోల్టు రంధ్రానికి ఎదురుగా ఉందో సుద్దముక్కతో గీసుకున్నాడు. ఆ తర్వాత లారీ నుంచి విప్పి తెచ్చిన కొత్త చక్రంలో, తాను తొలిచిన గుంటల లోపల మరచుట్లు కోసి, ఉక్కు ముక్కలు బిగించాడు. కొంచెం ఆకురాయి పెట్టడం, తిప్పి చూడడం, మళ్లీ ఆకురాయి పెట్టడం. గురువారం మధ్యాహ్నానికి మిషన్ ముల్లు రెండు చక్రాలకూ ఒకే చోట నిలిచింది. ముల్లు సున్నాకు దూరంగా ఆగితే మొగిలి స్థిమితపడడం అదే మొదటిసారి.

సాయంత్రం ఖాజాగూడలో చక్రాన్నీ డ్యాంపర్‌నూ బిగించారు. కొమురమ్మ ఒక చెంబు నిండా నీళ్లు తెచ్చి లారీ మడ్‌గార్డు మీద పెట్టింది. ఎల్లేశం దేవుణ్ని తలుచుకుని బండి స్టార్ట్ చేశాడు. చెంబులో నీళ్లు సన్నగా అల్లాడాయి గాని, ఒక్క చుక్క కూడా కింద పడలేదు. ఎల్లేశం ఇంజన్ ఆపకుండానే దిగివచ్చి మొగిలి భుజం మీద చెయ్యి వేశాడు.

ఆ తర్వాత షాపుకు ఏ చక్రం వచ్చినా, మిషన్ ఎక్కించేముందు "దీని జత ఏది అన్నా?" అని అడిగేవాడు మొగిలి. కొత్తగా వచ్చినవాళ్లు ఇతనెవరో పెళ్లిళ్ల పేరయ్య అనుకుని నవ్వేవారు.

ఆ శుక్రవారం పొద్దున పాత ఇనుము కొనేవాడు ఆటోట్రాలీ వేసుకుని ఖాజాగూడ వచ్చేసరికి లారీ అక్కడ లేదు, కొండాపూర్‌లో బిందెలు నింపుతోంది. వాకిట్లో మొగిలి మోకాళ్ల మీద కూర్చుని, పాత చక్రాన్ని మునుపున్నచోటే సర్ది, జేబులోని పొట్లం విప్పి తులసి మొదట్లో పోస్తున్నాడు. వచ్చినవాడు చక్రాన్ని చూసి, పోనీ అదైనా ఇస్తారా అని అడిగాడు.

"గది పనిమీద ఉన్నది" అంది కొమురమ్మ. ఎండన పడి వచ్చాడని అతనికి చెంబుతో నీళ్లిచ్చింది.