కులాసాగా ఉన్నప్పుడు తీసుకురండి

మొన్న పొద్దున మా మనవరాలు ఏదో పాట కూనిరాగం తీస్తూ, చెప్పులు వెతుక్కుంటూ హడావిడిగా తిరుగుతుంటే ఎక్కడికమ్మా అని అడిగాను. "థెరపిస్టు దగ్గరికి తాతయ్యా" అంది, కూరగాయలకి వెళ్తున్నా అన్నంత తేలిగ్గా. ఆ పిల్లకి ఉన్నది బైపోలార్ అని డాక్టర్లు తేల్చి కొంతకాలమైంది. అప్పుడు మా ఇంట్లో ఎవరూ తలుపులు వేసుకుని ఏడవలేదు, ఏ దేవుడికీ మొక్కలేదు, వాళ్ళమ్మ మాత్రం మందుల సంచీ తగిలించడానికి ఫ్రిజ్ పక్కన ఒక మేకు కొట్టించింది. ఇవాళ హుషారుగానే ఉన్నావు కదా, మరి డాక్టరెందుకు అని నోరుజారాను. "బాగున్నాను కాబట్టే వెళ్తున్నా. అప్పుడే కదా చూడాల్సింది!" అంది. నేను పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. నా వయసువాళ్ళకి పేపరు వల్ల ఇంకా మిగిలిన ఉపయోగం అదొక్కటే.

నా ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, మన చిన్నతనంలో మనిషికి మనిషి ఎదురైతే మొదట అడిగే మాట "కులాసాయేనా?" అని. ఉత్తరాలు కూడా ఆ మాటతోనే మొదలయ్యేవి, చావు కబురు చెప్పాల్సిన ఉత్తరమైనా సరే. ఆ మాట నేను ఎవరినీ అడగడం మానేసి అరవై ఏళ్ళు దాటింది. ఎందుకు మానేశానో చెప్పాలంటే మా బాబాయి గురించి చెప్పాలి.

మా ఊరు పర్చూరు దగ్గర. అప్పటికి ప్రకాశం జిల్లా ఇంకా పుట్టలేదు కనక మేమూ గుంటూరు జిల్లావాళ్ళమనే చెప్పుకునేవాళ్ళం. నల్లరేగడి నేల, పత్తి, మిరప, కొంచెం పొగాకు. నాన్న వ్యవసాయం చేసేవాడు, ఆయన తమ్ముడైన మా బాబాయి వ్యవసాయం చేస్తూ పద్యాలు పాడేవాడు. అంతటి గొంతు ఆ చుట్టుపక్కల ఊళ్ళలో లేదు. నాటకాలాడించే వాళ్ళు పర్చూరు నుంచి బండి కట్టి పంపేవారు. ఆయన రాగం తీస్తే జనం "వన్స్ మోర్" అని కేకలు పెట్టేవారు, ఆయన చనిపోయిన వేషంలో పడి ఉన్నా లేచి నిలబడి, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చనిపోయేవాడు. ఇంగ్లీషు ముక్క రానివాళ్ళకి కూడా మా వైపున ఆ రెండు ముక్కలు వచ్చు.

అటువంటి మనిషి కొన్నాళ్ళు మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవాడు. తిండి లేదు, మాట లేదు, పిన్ని అన్నం కలిపి నోటికందిస్తే పసిపిల్లాడిలా మింగేవాడు, ఒక్కోసారి అదీ లేదు. గాలి సోకిందన్నారు. సింగరాయకొండ తీసుకెళ్ళి మొక్కు తీర్చారు. పెదకాకానిలో గుడికీ దర్గాకీ కూడా, ఎవరికీ కోపం రాకుండా, ఒకే రోజున వెళ్ళొచ్చారు. కొన్ని నెలలకి బాబాయి తనంతట తనే లేచేవాడు, పేరు మాత్రం చివరగా కట్టిన తాయెత్తుకి దక్కేది.

లేచాడంటే ఇక పట్టపగ్గాలు ఉండేవి కావు. నిద్రపోడు, అలిసిపోడు, మిరపకోతకి వచ్చిన ఆడవాళ్ళతో పాటు సాళ్ళలో నడుస్తూ వాళ్ళ చేత పద్యాలు పాడిస్తాడు. ఒకసారి అలాంటి ఊపులో చీరాల వెళ్ళి, నేతగాళ్ళ ఇళ్ళలో కూర్చుని, మా ఇంటి ఆడవాళ్ళందరికీ, మాతో మాటల్లేని చుట్టాలకి కూడా, ఒకే రకం చీరలు తెచ్చాడు, అన్నీ బంతిపువ్వు రంగువే. ఆ ఏడాది మా ఆడవాళ్ళు నలుగురు కలిసి బయటికి వెళితే బ్యాండుమేళం బయల్దేరినట్టుండేది. ఊరంతా నవ్వుకుంది, సంతోషించింది. బాబాయి కోలుకున్నాడని నాయనమ్మ పప్పుబెల్లాలు పంచింది.

నేను గుంటూరులో బి.ఎ. చదువుతున్నప్పుడు, ఒక బట్టల కొట్టు మేడ మీద మద్రాసులో చదివొచ్చిన డాక్టరుగారు ఒకాయన ఉన్నారని తెలిసింది. బోర్డు మీద 'నరముల వైద్యులు' అని మాత్రం రాసుండేది. ఆ 'నరములు' ఎంతమంది పరువు కాపాడిందో! పిచ్చి డాక్టరంటే మా నాన్న కాలు కూడా కదిపేవాడు కాదు. నరాలంటే, ఆ, నరాలు ఎవరికి లేవు అని బయల్దేరాడు.

మంచం దిగని బాబాయిని బండిలోనూ తర్వాత బస్సులోనూ ఎలా తెచ్చామో ఇప్పుడు రాయను. డాక్టరుగారు మమ్మల్ని బయట కూర్చోబెట్టి, ఆయనతో గంటకి పైగా తలుపు వేసుకుని కూర్చున్నారు. లోపల చాలాసేపు ఏ చప్పుడూ లేదు, తర్వాత మా బాబాయి గొంతు సన్నగా వినిపించింది. కొన్ని నెలల తర్వాత ఆ గొంతు వినడం మాకదే మొదటిసారి. నాన్న పైపంచెతో మొహం తుడుచుకుని, మేడ మీద మరీ ఉక్కగా ఉందన్నాడు.

బయటికొచ్చాక బాబాయి మెట్లమీద నిలబడి నాతో, "ఇదేం డాక్టర్రా, అన్నీ నన్నే అడిగాడు" అన్నాడు. రెండు మెట్లు దిగి, "విన్నాడురా" అన్నాడు. ఆ ఒక్క మాట కోసం ఆయన ఎన్నేళ్ళుగా గోడకి చెప్పుకున్నాడో అప్పట్లో నాకు తట్టలేదు.

డాక్టరుగారు కొన్ని మాత్రలిచ్చారు, నెలనెలా రమ్మన్నారు. ఆ పైన ఒక మాట చెప్పారు, "పడుకున్నప్పుడు తేవడం కాదండీ, కులాసాగా ఉన్నప్పుడు తీసుకురండి. అసలు జబ్బు అప్పుడు మొదలవుతుంది." నాన్న బస్సులో ఊరొచ్చేదాకా దాన్ని నమిలి నమిలి, చివరికి, "కులాసాగా ఉన్నవాణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకెళితే ముందు మనల్ని చూడాలంటారు గదరా!" అన్నాడు. అది మా ఇంట్లో చాన్నాళ్ళు చెప్పుకున్న జోకు.

బాబాయి మాత్రం నవ్వలేదు. కొన్ని నెలలు వరసగా వచ్చాడు, మేడెక్కి మాట్లాడాడు. నిద్ర లేకపోయినా ఒళ్ళు అలవకపోతే, పద్యం నోట్లోంచి దానంతటదే వచ్చేస్తుంటే, అదే గుర్తు అని డాక్టరుగారు ఆయనకి నేర్పారు. ఆయన ఆ గుర్తుల్ని నాటకంలో తన పోర్షన్ బట్టీపట్టినట్టు పట్టి, పిన్నికి అప్పజెప్పాడు.

తర్వాత జరిగింది పిన్ని చెప్పగా విన్నదే. నేను అప్పుడు గుంటూరులో పరీక్షల్లో ఉన్నాను. మిరపకోతలు ముమ్మరంగా సాగుతున్నాయి, కల్లం నిండా కాయ ఎర్రగా పరిచి ఉంది. బాబాయి ఇస్త్రీ పంచె కట్టుకుని వచ్చి, "అన్నయ్యా, నేను కులాసాగా ఉన్నాను. గుంటూరు పోదాం పద" అన్నాడు. కల్లంలో ఉన్నవాళ్ళంతా పడీపడీ నవ్వారు. నాయనమ్మ, "ఇన్నాళ్ళకి నవ్వు మొహంతో తిరుగుతున్నావు, మళ్ళీ ఆ మేడెందుకురా నా తండ్రీ" అంది. కోతలయ్యాక చూద్దాంలే అన్నాడు నాన్న. వాళ్ళు ఆయన చెడు కోరినవాళ్ళు కారు. ఆయన నవ్వు కోసం మొహం వాచి ఉన్నారు, అంతే.

బాబాయి ఊరుకోలేదు. పిన్నిని తీసుకుని తనే బస్సు ఆగేచోటికి వెళ్ళాడు. గుంటూరుకి నేరుగా పోయే బస్సు రోజుకి ఒకటే. అక్కడ టీ బంకు దగ్గరున్నవాళ్ళు మామూలుగానే పలకరించారు.

"ఏం బావా, కులాసాయేనా? ఎక్కడికి?"

"కులాసాగా ఉన్నాను బావా, అందుకే డాక్టరు దగ్గరికి."

అంతా గొల్లుమన్నారు. అంత బాగా పేలిన మాట ఆయన ఏ స్టేజీ మీదా చెప్పి ఉండడు. ఎవరో పద్యం అడిగారు. పిన్ని వద్దని కండువా పట్టుకు లాగింది. ఒక్కటే, బస్సొచ్చేలోపు అన్నాడు. ఆ గొంతుకి దారినపోయే బళ్ళు ఆగాయట. బస్సు వచ్చింది. పిన్ని సంచీ పట్టుకుని మెట్టు మీద ఒక కాలు పెట్టి పిలుస్తోంది. జనం "వన్స్ మోర్" అన్నారు.

ఆయన మళ్ళీ ఎత్తుకున్నాడు. కండక్టరు కూడా కాసేపు విన్నాడట పాపం, ఆ తర్వాత విజిలేశాడు. పిన్ని కాలు దించేసింది.

మర్నాటికి బాబాయికి గుంటూరు గుర్తులేదు. కల్లం పక్కన నాటకానికి స్టేజీ కట్టడం మొదలుపెట్టాడు, అది సగమయ్యేసరికి మళ్ళీ గోడవైపు తిరిగాడు. ఈసారి ఎంత బతిమాలినా కదల్లేదు. మరుసటి పత్తి పూతకొచ్చేసరికి ఆయన లేడు. తన ప్రాణం తనే తీసుకున్నాడు. అంతకంటే వివరంగా నేను ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను. నెల మాసికం నాడు మా ఆడవాళ్ళు ఎవరికి వారే, అనుకోకుండా, ఆ బంతిపువ్వు రంగు చీరలు తీసి, ఒకరినొకరు చూసుకుని, మళ్ళీ మడిచి పెట్టేశారు. తర్వాత వాటిని ఎవరూ కట్టనూ లేదు, ఎవరికీ ఇవ్వనూ లేదు.

డాక్టరుగారికి చెప్పడానికి నేనే మేడెక్కాను. ఆయన అంతా విన్నారు. బస్సు దాకా వచ్చిన సంగతి చెప్పగానే కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టి, "వచ్చారా? అయితే నా మాట విన్నారన్నమాట" అన్నారు. కింద కొట్టులో ఎవరో బట్ట చింపిన చప్పుడు వినిపించింది.

ఇప్పుడు గుంటూరులో అటువంటి డాక్టర్ల బోర్డులు పట్టపగల్లా వెలుగుతున్నాయి, నరాల చాటున దాక్కోనక్కర్లేదు. మంచి మాత్రలొచ్చాయి, వినడానికి చదువుకున్న మనుషులొచ్చారు. మా మనవరాలు కూనిరాగం తీస్తే ఇంట్లో ఎవరూ వన్స్ మోర్ అనరు, రాత్రి నిద్రపట్టిందా అని అడుగుతారు. మా బాబాయి కాస్త తొందరపడి పుట్టాడని సరిపెట్టుకుందామంటే, మనసు సరిపెట్టుకోదు.

మొన్న ఆ పిల్లతో గేటు దాకా నడిచాను. ఆటో వచ్చి ఆగాక ఏమైందో, ఇన్నేళ్ళకి నోట్లోంచి ఆ మాట వచ్చేసింది.

"కులాసాయేనా అమ్మా?"

"అంటే ఏంటి తాతయ్యా?" అంది ఆటో ఎక్కుతూ.

తర్వాత చెబుతాలే, ముందు వెళ్ళు, ఆటో వెళ్ళిపోతుంది అన్నాను. అది కదిలి, సందు తిరిగి, కనపడకుండా పోయేదాకా గేటు పట్టుకునే నిలబడ్డాను.