బోర్లించిన గిన్నె

మా అమ్మాయి ఫెరెట్ కావాలన్నప్పుడు అదేమిటో నాకు తెలియదు. ఫోన్‌లో ఫొటో చూపించింది. ముంగిసకి దగ్గర చుట్టంలా ఉంది. ముంగిసని ఎవరైనా ఇంట్లో పెంచుతారా అని చాలా రోజులు వాదించాను. తండ్రీ కూతురూ ఒకటైపోయాక ఈ ఇంట్లో నా మాట ఎప్పుడు చెల్లింది కనక? అమెరికాలో మేముండే నోవైకి కాస్త దూరంలో ఉన్న జంతువుల షెల్టర్ నుంచి నాలుగేళ్ల ఫెరెట్‌ని తెచ్చుకున్నారు. పిల్లకి తొమ్మిదేళ్లు. కారులో దారి పొడుగునా దాన్ని ఒళ్లోంచి దించలేదట.

తిండి దగ్గర మొదటిరోజే గొడవ. మా కోస్తా ఇళ్లల్లో కుక్కకైనా పిల్లికైనా మనం తినేదాంట్లోనే ఓ ముద్ద పెడతాం. నేనూ చికెన్ ముక్కల కారం కడిగి, అన్నంలో కలిపి పెట్టాను. అది ముక్కలు ఏరుకుని, అన్నాన్ని తొక్కుకుంటూ వెళ్లిపోయింది. మా ఆయన షాపుకి వెళ్లి దాని తిండి ఓ పెద్ద సంచీ తెచ్చారు. సంచీ మీద క్యారెట్లు, బెర్రీలు, ఆకుకూరల బొమ్మలు. చూస్తే మనకే నోరూరేలా ఉంది.

పశువుల డాక్టరు పెద్దావిడ. మేం పట్టుకెళ్లిన సంచీ వెనక్కి తిప్పి చదివి, నవ్వి పక్కన పెట్టేసింది. దీని పేగు చాలా పొట్టిది, మాంసం, కొవ్వు తప్ప గింజలూ పళ్లూ అరగవు, మొక్కజొన్న, బఠానీల పేర్లు ముందు వరసలో కనిపిస్తే కొనకండి అని చెప్పింది. కొత్త తిండికి ఒక్కసారిగా మార్చకుండా, పాతదాంట్లో కొద్దికొద్దిగా కలుపుతూ అలవాటు చేయాలట. తీపి అసలు తగలకూడదట. ఈ వయసు ఫెరెట్లకి క్లోమం పాడై రక్తంలో చక్కెర పడిపోవడం మామూలే కాబట్టి, గిన్నె మాత్రం ఎప్పుడూ ఖాళీగా ఉండకూడదని రెండుసార్లు చెప్పింది. తిన్నది మూడు నాలుగు గంటల్లో బయటికి వచ్చేస్తుంది, మళ్లీ ఆకలే.

ఆ బయటికి వచ్చేదాని సంగతి ఇంకో కథ. ముందు ఓ పెట్టెలో పిల్లులకి వాడే, తడిస్తే గడ్డకట్టే ఇసుక పోశాం. ఇది పెట్టెలోకి దిగగానే ముక్కుతో తవ్వడం మొదలుపెట్టింది. ఇసుక ముక్కుకి అంటుకుని ఒకటే తుమ్ములు. తర్వాత పైన్ చెక్క పొట్టు తెచ్చాం. ఇల్లంతా కమ్మటి వాసన. ఆ వాసనే దాని ఊపిరితిత్తులకి చేటని డాక్టరమ్మ చెబితే అదీ పారబోశాం. చివరికి పాత కాగితంతో చేసిన గుళికలు కుదిరాయి. పెట్టె ఎక్కడుండాలో కూడా అదే తేల్చింది. డైనింగ్ టేబుల్ వెనక మూల తప్ప ఇంకెక్కడా కూర్చోనంది. నాకు ఒళ్లు మండిపోయేది. శుభ్రం చేసే పని ఎలాగూ నా నెత్తినే పడింది. కానీ ఆ లేతరంగు గుళికల్లో ఏదీ దాగదు. ఎప్పుడు తిందో, ఎంత తిందో పెట్టె చూసి చెప్పేసేదాన్ని.

ఈ చలికాలం మా ఆయన ఉద్యోగం పోయింది. గడువులోగా ఇంకో కంపెనీ ఉద్యోగమిచ్చి వీసా తీసుకోకపోతే ఇండియాకి సామాను సర్దుకోవాల్సిందే. ఆ మాటలు పిల్ల చెవిన పడకూడదని తలుపు వేసుకుని మాట్లాడుకునేవాళ్లం. వీసా మాటలు, ఉద్యోగం మాటలు మా నోట ఇంగ్లీషులోనే వస్తాయి. పిల్లకి మాకంటే బాగా వచ్చిన భాషే అది. మా తెలివి అలా ఏడ్చింది.

ఓ శనివారం మా తెలుగు చర్చి సంఘంలోని కుటుంబాలు మా ఇంట్లో ఉపవాస ప్రార్థన పెట్టుకున్నాయి. ఉపవాసం నాడు మా అమ్మ పొయ్యి వెలిగించేది కాదు. తిండి మీదికి చెయ్యి పోకుండా గిన్నెలన్నీ కడిగి బోర్లించేది. ఆ అలవాటు నాకూ వచ్చింది. తెల్లారగానే అన్నీ బోర్లించాను. పిల్లలకి ఉపవాసం లేదు. మా అమ్మాయికి సీరియల్, పాలు టేబుల్ మీద పెట్టి, వచ్చేవాళ్ల కోసం వాకిట్లో మంచు తీయడానికి వెళ్లాను.

మధ్యాహ్నం పాస్టర్ గారు వాక్యం చెబుతుండగా, వాసన వస్తుందేమోనని మెల్లగా లేచి మూలకి వెళ్లాను. పొద్దున నేను పోసిన గుళికలు పోసినట్టే ఉన్నాయి. ఒక్కటీ తడవలేదు. ముందు పని తప్పిందనుకున్నాను. ఆ వెంటనే తట్టింది, పొద్దున్నుంచి ఇది ఏమీ తినలేదని.

ఫెరెట్ తను పడుకునే గుడ్డ ఉయ్యాల కింద పడి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి, చూపు లేదు. నోటివెంట చొంగ. వెనక కాళ్లు లాగలేకపోతోంది. మా ఆయన్ని సైగ చేసి పిలిచాను. ఆయన డాక్టరమ్మకి ఫోన్ చేస్తే, ముందు చిగుళ్లకి తేనె రాయండి, కాస్త తేరుకోగానే తిండి పెట్టి తీసుకురండి అంది. తీపి అసలు వద్దన్న డాక్టరమ్మే తేనె రాయమంటోంది. దూది పుల్లతో చిగుళ్లకి రాశాను.

తిండి గిన్నె కోసం వెతికాను. శుభ్రంగా కడిగి, నా గిన్నెల పక్కనే బోర్లించి ఉంది.

మా అమ్మాయి గుమ్మంలో నిలబడి ఉంది. అడగకుండానే చెప్పింది.

"నేనే చేశాను, మమ్మీ. డాడీ జాబ్ కోసం అందరం ఫాస్టింగ్ కదా. ఇది కూడా మన ఫ్యామిలీయే కదా."

కాసేపటికి ఫెరెట్ నాలుక కదిలింది. తేనె నాకింది. తల ఎత్తింది. దాని తిండి గోరువెచ్చటి నీళ్లలో మెత్తగా చేసి పెడితే నెమ్మదిగా తినసాగింది. నేను అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాను. పిల్ల ముఖంలో మాత్రం సంతోషం లేదు. ఫెరెట్ తింటున్నంతసేపూ బిక్కచచ్చి చూస్తోంది.

"ఫాస్టింగ్ బ్రేక్ అయిపోయింది. ఇంక డాడీకి జాబ్ రాదా?"

మా ఆయన పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుని, పొద్దున్నుంచి ఏం తిన్నావమ్మా అని అడిగారు. అది తల దించుకుంది. టేబుల్ మీద సీరియల్ పాలలో నాని ముద్దయిపోయి ఉంది.

హాల్లో పాస్టర్ గారు మా కుటుంబం కోసం గట్టిగా ప్రార్థిస్తున్నారు. అందరూ ఆమెన్ అంటున్నారు. మా ఆయన వంటింట్లోకి వెళ్లి, బోర్లించిన కంచం ఒకటి తిప్పి, రెండు బ్రెడ్డు ముక్కలు తెచ్చుకుని పిల్ల పక్కన కూర్చున్నారు. ఒక ముక్క దాని చేతిలో పెట్టారు. అది పట్టుకుని అలాగే కూర్చుంది. అప్పుడు ఆయన తన ముక్క కొరికి, నమిలి, మింగారు.

ఆయన మింగేదాకా చూసి, అప్పుడు పిల్ల తన ముక్క కొరికింది.